ఆ కల్వర్టు ఎవరి రిజిస్టరులో ఉంది?

2023 జూలై 27 తెల్లవారుజామున మంచం మీద నుంచి కాలు కింద పెడితే నీళ్లు తగిలాయి. కరెంటు లేదు. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే వంటింట్లో పప్పు డబ్బా తేలుతోంది. మా చెరువు మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే అలుగు) దుంకుతోందని ముందు రోజు సాయంత్రం వీధి వీధంతా పోయి చూసి, ఫొటోలు దిగి, సంబరంగా ఇంటికొచ్చి పడుకున్నాం. ఆ నీళ్లే రాత్రికి మా ఇంటికి వచ్చాయి. ఆ రోజు ములుగు వైపు లక్ష్మీదేవిపేటలో ఒక్క దినంలో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందని తర్వాత పేపర్లో చదివాను. మా దగ్గర అంత పడలేదు. పడకున్నా మునిగాం. కారణం మా వీధి చివర మత్తడి కాలువ మీదున్న కల్వర్టు. రెండు సిమెంటు పైపులు, వాటి మీద మట్టి, మట్టి మీద సీసీ రోడ్డు. ఒక పైపు ఎప్పుడో కుంగి సగం పూడిపోయింది. రెండోదానికి చెత్త, గుర్రపు డెక్క అడ్డం పడ్డాయి. కాలువ మధ్యలో ఒక కరెంటు స్తంభం కూడా ఉంది. కొట్టుకొచ్చిన కొమ్మలన్నీ దానికే చుట్టుకుంటాయి.

మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక చిన్న పట్టణం. పేరు రాయను. ఇందులో వచ్చే ఆఫీసుల వాళ్లందరూ బజార్లో రోజూ ఎదురుపడతారు, కొందరు నా దగ్గర చదువుకున్న పిల్లలే. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరుగా చేసి 2020లో రిటైర్ అయ్యాను. 31 ఏళ్లు సర్కారు జీతం తిన్నాను కాబట్టి సర్కారు ఎట్లా నడుస్తుందో నాకు తెలుసు అనుకునేదాన్ని. నాకు తెలిసింది హెడ్మాస్టరు, ఎంఈఓ (మండల విద్యాధికారి), డీఈఓ (జిల్లా విద్యాధికారి). ఆ పైన హైదరాబాద్‌లో ఒక కమిషనర్ ఉంటారని తెలుసు, అంతే.

నీళ్లు తీశాక, పరుపులు ఎండాక, ఆగస్టు మొదటి వారంలో మున్సిపల్ ఆఫీసుకు దరఖాస్తు పట్టుకుపోయాను. "మా వీధి చివర పాడైపోయిన కల్వర్టును రిపేరు చేయించగలరని మనవి" అని రాశాను. ఈ వాక్యంలో ఒక తప్పుంది. అది నాకు ఏడాది దాటాక తెలిసింది.

మున్సిపాలిటీ ఇంజనీరు మంచివాడు. అదే రోజు వచ్చి చూశాడు. "మేడం, ఇది మత్తడి కాలువ. ఇరిగేషన్ వాళ్లది. మేం ముట్టుకుంటే మా మీద ఆడిట్ పడుతుంది" అన్నాడు. అది సాకు అనుకున్నాను గానీ, తర్వాత తెలిసింది, నిజమే. వేరే శాఖ ఆస్తి మీద ఖర్చు పెడితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఆ డబ్బు సంతకం పెట్టినవాళ్ల దగ్గర వసూలు చేసిన సందర్భాలూ ఉన్నాయట.

ఇరిగేషన్ సబ్ డివిజన్ ఆఫీసుకు పోయాను. అక్కడ నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరున్నారు. పెద్ద ప్రాజెక్టులు, మధ్యతరహా, చిన్న నీటి వనరులు, ఎత్తిపోతల పథకాలు అని ఇదివరకు వేరువేరుగా ఉన్న విభాగాలను 2020 చివర్లో ఒకే జల వనరుల శాఖ కిందికి తెచ్చారు. దాంతో ఒక చీఫ్ ఇంజనీరు పరిధిలోకి వచ్చే కాలువ, చెరువు, తూము అన్నీ ఆయనవే అయ్యాయి. ఆలోచనగా చూస్తే బాగానే ఉంది. మా దగ్గర డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారు మాత్రం "కట్ట మాది, తూము మాది, మత్తడి మాది, కాలువ కూడా మాదే. దాని మీది కల్వర్టు మాత్రం మాది కాదు. రోడ్డు ఎవరు వేస్తే వాళ్లది" అన్నారు. మాటలో మర్యాద ఉంది. కుర్చీ వేసి, టీ తెప్పించి మరీ చెప్పారు. టీ తాగి బయటికొచ్చాక చూసుకుంటే నా చేతిలో దరఖాస్తు అట్లాగే ఉంది.

రోడ్డు ఎవరు వేశారు? 2018 ఆగస్టు దాకా మాది మేజర్ గ్రామ పంచాయతీ. ఆ నెలలో రాష్ట్రంలో ఒకేసారి అరవైకి పైగా కొత్త మున్సిపాలిటీలు పుట్టాయి, వాటిలో మాదీ ఒకటి. అంతకుముందు సీసీ రోడ్డు వేసింది పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్లు. వాళ్ల దగ్గరికి పోతే ఒక పెద్దాయన పాత ఫైళ్ల బీరువా వైపు చూసి నవ్వాడు. "అమ్మా, మీ ఊరు మా చేతిలో నుంచి పోయి ఐదేండ్లయింది. ఇంకోటి, మేం వేసింది రోడ్డు. పైపులు అప్పటికే ఉన్నయి" అన్నాడు.

మూడు ఆఫీసులు, మూడు టీలు. అక్టోబర్‌లో అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది. డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. కొత్త సంవత్సరంలో కాస్త కదులుతుందనుకుంటే మార్చిలో లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చి జూన్ దాకా ఉంది. ఈ కాలమంతా నేను చేసింది ఏమీ లేదు, వాన పడ్డప్పుడల్లా లేచి గుమ్మం దగ్గర టార్చి వేసి చూడటం తప్ప.

మా మేనల్లుడు పక్క జిల్లాలో ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. 2024 జూన్‌లో ఒక పెండ్లికి వచ్చి మా ఇంట్లో దిగాడు. నా గోడు విని, అదే పెండ్లి పత్రిక వెనక పెన్నుతో గీతలు గీయడం మొదలుపెట్టాడు. ఆ పత్రిక ఇప్పటికీ నా దగ్గరుంది. పెండ్లికూతురు పేరు వెనక నుంచి కనిపిస్తుంటుంది.

పైన సెక్రటేరియట్ రాశాడు. "అత్తా, మనం 'శాఖ' అని ఒకే మాట అంటాం గానీ అది రెండు చోట్ల ఉంటది. సెక్రటేరియట్‌ల ఉండేది విధానం చేసే శాఖ. ముఖ్య కార్యదర్శో, కార్యదర్శో దానికి పెద్ద, మంత్రికి ఫైలు పెట్టేది ఆయనే. పని చేయించే శాఖ బయట ఉంటది. దాని పెద్దను శాఖాధిపతి అంటరు. కొన్నిట్ల కమిషనర్, కొన్నిట్ల డైరెక్టర్, ఇంజనీరింగ్‌ల ఇంజనీర్ ఇన్ చీఫ్. నీ డీఈఓ రిపోర్టు పోయేది ఆయనకే, సెక్రటేరియట్‌కు కాదు."

తర్వాత అన్నిటికంటే పనికొచ్చిన మాట చెప్పాడు. కాగితం పేరు చూసి ఎవరి మాటో గుర్తుపట్టొచ్చట. జీవో అయితే సెక్రటేరియట్‌ది. దాని కింద ఎప్పుడూ గవర్నర్ ఉత్తర్వుల మేరకు, గవర్నర్ పేరిట అని ఉంటుంది, సంతకం మాత్రం కార్యదర్శిది. రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం ప్రభుత్వ ఉత్తర్వులన్నీ గవర్నర్ పేరుతోనే వెలువడాలి. మంత్రి సంతకంతో జీవో రాదు. శాఖాధిపతి జీవో ఇవ్వలేడు, ప్రొసీడింగ్స్ ఇస్తాడు. కలెక్టర్ కూడా అంతే. పై ఆఫీసు కింది ఆఫీసుకు రాస్తే మెమో. మున్సిపాలిటీలో అయితే తీర్మానం కావాలి, ఎందుకంటే అది శాఖ కాదు, ఎన్నికైన సంస్థ. జీవోల్లో కూడా 'ఎంఎస్' అని ఉంటే విధానపరమైనది, 'ఆర్టీ' అని ఉంటే మామూలు వ్యవహారం. ఇన్నేళ్ల సర్వీసులో నాకొచ్చిన ప్రతి కాగితం మీద ఈ అక్షరాలు చూశాను. ఒక్కసారి కూడా అవి ఏమిటని అడగలేదు. పిల్లలను మాత్రం ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని అడిగేదాన్ని.

పత్రిక మీద శాఖలకు పక్కన, గీత కలపకుండా, కొన్ని డబ్బాలు గీశాడు. మున్సిపాలిటీ, జిల్లా పరిషత్, పట్టణాభివృద్ధి సంస్థ, కరెంటు కంపెనీ, ఆర్టీసీ. "ఇవి ప్రభుత్వమే గానీ ప్రభుత్వ శాఖలు కావు. ఒక్కోదానికి ఒక్కో చట్టం. మున్సిపాలిటీకి 2019 మున్సిపల్ చట్టం ఉంది. కరెంటుది కంపెనీల చట్టం కింద నమోదైంది, దానికి బోర్డు ఉంటది, సీఎండీ ఉంటడు. వీటికి కూడా మంత్రి పెద్దే, కానీ చుట్టరికం వేరు" అన్నాడు. మా ఆయన పక్కనే కూర్చుని "మన అన్నదమ్ముల లెక్క. ఇంటి పేరు ఒకటే, వంటిల్లు వేరు" అన్నాడు. ఆయనకు ఇట్లాంటివి తొందరగా తగులుతాయి.

అప్పుడు నా సంగతే నాకు గుర్తొచ్చింది. నేను జిల్లా పరిషత్ టీచరును. అంటే ఎన్నికైన స్థానిక సంస్థ ఉద్యోగిని. కానీ నా మీద అజమాయిషీ విద్యాశాఖది, జీతం బిల్లు పాస్ చేసేది ఆర్థికశాఖ కింద ఉండే ట్రెజరీ. మా సబ్ ట్రెజరీ ఆఫీసులో ఒక నెల బిల్లు ఆగిపోతే హెడ్మాస్టరు "అది నా చేతిలో లేదమ్మా" అనేవాడు. ఆయన తప్పించుకుంటున్నాడని అప్పట్లో స్టాఫ్‌రూంలో ఎన్ని మాటలన్నామో!

మేనల్లుడు చెప్పనిది ఒకటి నేనే కనిపెట్టాను. ఏ ఆఫీసుకు పోయినా గోడ మీద మ్యాపు ఉంటుంది. ఏ రెండు మ్యాపులూ కలవవు. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయినప్పుడు ఒక్క వరంగల్ ఐదయింది. 2019లో ములుగు వేరు పడింది. 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. రెవెన్యూ మ్యాపు ఇట్లా మారింది. కానీ వరంగల్ పోలీస్ కమిషనరేట్ మూడు జిల్లాలకు పరచుకుని ఉంది. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఒకటే, అది ఇద్దరు కలెక్టర్ల పరిధిలో ఉంది. కరెంటు కంపెనీ మ్యాపులో ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా ఒకటే రంగు. ఇరిగేషన్ మ్యాపు నీళ్ల దారిని బట్టి ఉంటుంది. మా చెరువు కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి. దానికి పైనున్న చెరువు ఇప్పుడు పక్క జిల్లాలో ఉంది. అక్కడ మత్తడి దుంకితే ఇక్కడ మా ఇల్లు మునుగుతుంది. ఆ చెరువుకు, ఈ చెరువుకు, మా వీధికి, ఈ మూడింటికీ కలిపి సమాధానం చెప్పే ఒక్క ఆఫీసు ఎక్కడా లేదు, ఎవరి మ్యాపులోనూ ఆ మూడూ పక్కపక్కన కనపడవు.

జూలైలో ఒక సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోయాను. పొద్దున్నే టోకెన్ తీసుకుని కూర్చుంటే పదకొండున్నరకు పిలిచారు. ప్రజావాణి మంచి ఏర్పాటు. జిల్లా అధికారులందరూ ఒకే హాల్లో వరసగా కూర్చుంటారు. నా దరఖాస్తు మీద నీలం సిరాతో ఒక శాఖ పేరు రాసి రసీదు నంబరు ఇచ్చారు. నేనేమో కలెక్టర్ చెప్తే అయిపోతుందనుకున్నాను. జిల్లాకు కలెక్టర్ పెద్దే. కానీ ఇరిగేషన్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) బదిలీ, ప్రమోషన్, ఆయన శాఖ బడ్జెట్ అన్నీ హైదరాబాద్‌లో ఇంజనీర్ ఇన్ చీఫ్ దగ్గర ఉంటాయి. కలెక్టర్ పిలిపించగలరు, అడగగలరు, అందరినీ ఒక చోట కూర్చోబెట్టగలరు. నా దరఖాస్తు మూడు వారాల్లో తిరిగి తిరిగి మళ్లీ డీఈ గారి టేబుల్ మీదికే చేరింది. ఆయన నన్ను చూసి "మళ్లీ మనమే మేడం" అన్నారు.

ఇక సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఈ చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉంది. దీన్ని నేను పిల్లలకు పాఠంగా చెప్పాను గానీ ఒక్కసారి కూడా వాడలేదు. మన దగ్గర గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అతికించి, మున్సిపాలిటీలో పౌర సమాచార అధికారి పేరిట ఇచ్చాను. 'కల్వర్టు ఎందుకు బాగు చేయలేదు' అని అడగొద్దని మేనల్లుడు ముందే చెప్పాడు. ఎందుకు అనేది అభిప్రాయం కిందికి వస్తుంది, జవాబు రాదు. ఉన్న కాగితం అడగాలి. అందుకే రెండే అడిగాను: 2018లో గ్రామ పంచాయతీ నుంచి మున్సిపాలిటీకి అప్పగించిన ఆస్తుల జాబితా నకలు, మా వీధి చివరి కల్వర్టు నమోదై ఉన్న రిజిస్టరు పేజీ నకలు.

ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన సెక్షన్ 6(3). అడిగిన సమాచారం తమ దగ్గర లేకపోతే 'మా దగ్గర లేదు' అని పంపించెయ్యడానికి వీల్లేదు. ఎవరి దగ్గర ఉంటుందో వాళ్లకు ఐదు రోజుల్లో బదిలీ చేసి మనకు చెప్పాలి. అంటే ఇన్నాళ్లూ నేను ఆటోలో తిరిగిన తిరుగుడు ఇప్పుడు నా దరఖాస్తు తిరగాలి. అది తిరిగింది. మున్సిపాలిటీ నుంచి ఇరిగేషన్‌కు, పంచాయతీరాజ్‌కు ఒకేసారి బదిలీ ఉత్తరాలు పోయాయి, నాకు ప్రతులు వచ్చాయి. ఉత్తరం కంటే దాని అడుగున ఉండే 'ప్రతి' అనే వరసే చదవాల్సింది అని అప్పుడు అర్థమైంది. ఎవరెవరికి కాపీ పోయిందో అక్కడుంటుంది. ఒక పేరు లేకపోతే ఆ ఆఫీసుకు ఆ సంగతి తెలియదని అర్థం.

జవాబులు వచ్చేలోపే సెప్టెంబర్ మొదటి రోజున మళ్లీ నీళ్లొచ్చాయి. 2024లో ఆ రెండు రోజుల వానకు మహబూబాబాద్ వైపు రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మాకు ఈసారి వరండా దాకా వచ్చి ఆగాయి. నీళ్లు తగ్గాక కాలువ వెంట నడుచుకుంటూ మత్తడి దాకా పోయాను. అక్కడ అడ్డంగా జాలి వల కట్టి ఉంది. చేపలు కిందికి పోకుండా మత్స్య సంఘం వాళ్లు కట్టుకున్నది. చెరువులో చేప పిల్లలు పోసేది మత్స్యశాఖ, పట్టుకునే హక్కు సంఘానిది, నేల రెవెన్యూ వాళ్ల లెక్కలో శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల. నా పెండ్లి పత్రిక మీద ఇంకో రెండు డబ్బాలు పెరిగాయి. వలకు పట్టిన చెత్త ఒక్కసారిగా తెగి మా పైపు మీదికి వచ్చి పడుతోంది. సంఘం అధ్యక్షుడు నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే. "టీచర్, మీరు ఫోన్ చేస్తే అయిపోవు గదా, ఇంత దూరం నడిచొచ్చిండ్రా" అని సాయంత్రానికి వల తీసి, వెడల్పు కన్నుల జాలి పైకి మార్చి కట్టించాడు. ఇన్ని నెలల్లో ఒక్క రోజులో అయిన పని అదొక్కటే. దానికి ఏ శాఖా అక్కర్లేకపోయింది.

సమాధానాలు గడువులోనే వచ్చాయి, ఆ మాట చెప్పాలి. మున్సిపాలిటీ పంపిన అప్పగింత జాబితాలో బోర్లు ఉన్నాయి, వీధి దీపాలు ఉన్నాయి, ట్రాక్టర్, రెండు చెత్త రిక్షాలు, పంచాయతీ ఆఫీసు గోడ గడియారం ఉన్నాయి. కల్వర్టు లేదు. పంచాయతీరాజ్ వాళ్లు సీసీ రోడ్డు కొలతల పుస్తకం పేజీ నకలు ఇచ్చారు. పొడవు, వెడల్పు, మందం ఉన్నాయి. కల్వర్టు లేదు. ఇరిగేషన్ వాళ్ల దగ్గర ప్రతి చెరువుకూ మెమోయిర్ అని ఒకటి ఉంటుంది, చెరువు జాతకం లాంటిది. ఆయకట్టు ఎంత, కట్ట పొడవెంత, తూములెన్ని, మత్తడి ఎన్ని మీటర్లు అన్నీ అందులో రాసి ఉంటాయి. మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు మళ్లీ కొలిచారు కూడా. అందులోనూ మా కల్వర్టు లేదు.

అంటే మా ఇంటిని రెండుసార్లు ముంచిన వస్తువు ప్రభుత్వంలో ఎక్కడా లేదు. ఎప్పుడో ఎవరో సర్పంచో, రైతులో, ఎడ్ల బండ్లు పోవడానికి రెండు పైపులు వేసి మట్టి కప్పి ఉంటారు.

మేనల్లుడికి ఫోన్ చేసి ఈ మూడు జవాబులూ చదివి వినిపించాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత "అత్తా, లేనిదాన్ని ఎవ్వరూ రిపేరు చెయ్యరు. నువ్వు రిపేరు అని రాయకు. కొత్త కల్వర్టు మంజూరు చేయండి అని రాయి" అన్నాడు.

మొదటి దరఖాస్తులో నేను చేసిన తప్పు ఇదే. రిపేరు అంటే ఆస్తి ఎవరిదో తేలాలి. కొత్త పని అంటే డబ్బు ఎవరి దగ్గర ఉందో తేలితే చాలు, కట్టినవాళ్లదే ఆస్తి అవుతుంది. డబ్బు సంగతి కూడా వాడే చెప్పాడు. ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి రూపాయికీ నాలుగు అంకెల పద్దు ఉంటుంది. నా జీతం బిల్లు మీద 31 ఏళ్లు చూసిన 2202 అదే, సాధారణ విద్య పద్దు. ఇప్పుడు నా పెన్షన్ 2071 కింద వస్తుంది. చిన్న నీటి వనరుల నిర్వహణ 2702, అందులో కొత్త నిర్మాణాలైతే 4702. రోడ్లు వంతెనలు 3054. మొదటి అంకె 2 గానీ 3 గానీ అయితే రోజువారీ ఖర్చు, 4 గానీ 5 గానీ అయితే ఆస్తులు కట్టే ఖర్చు. శాఖలు గీతలు గీసుకునేది మనసు లేక కాదు, ఒక పద్దులో డబ్బు ఇంకో పద్దు పనికి వాడరాదు కాబట్టి. ఈ మాట ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. కొంచెం వచ్చేది.

అక్టోబర్‌లో మళ్లీ ప్రజావాణికి పోయాను. ఈసారి మూడు జవాబుల నకళ్లు జత చేశాను, 'కొత్త కల్వర్టు' అని రాశాను, మూడు శాఖలూ కలిసి వచ్చి చూడాలని అడిగాను. పది రోజుల్లో జాయింట్ ఇన్‌స్పెక్షన్ పెట్టారు. డీఈ గారు, మున్సిపల్ ఇంజనీరు, రెవెన్యూ నుంచి సర్వేయరు, కరెంటు అసిస్టెంటు ఇంజనీరు ఒకే రోజు మా వీధిలో నిలబడ్డారు. వీధి వాళ్లు పండగ లెక్క చూశారు. పక్కింటి అవ్వ అందరికీ మజ్జిగ పోసింది. సర్వేయరు చైను పట్టి కాలువ హద్దు తేల్చాడు. ఇరిగేషన్ వాళ్లు ఇంత వెడల్పు, ఇంత ఎత్తు తగ్గకూడదని షరతు పెట్టి అభ్యంతరం లేదని పత్రం ఇస్తామన్నారు. మున్సిపాలిటీ తన సాధారణ నిధుల్లోంచి కడుతుందని తేలింది.

మున్సిపల్ పాలకవర్గం గడువు 2025 జనవరితో ముగుస్తోంది. అది దాటితే ప్రత్యేకాధికారి వస్తారు, మళ్లీ ఫైలు మొదటికి వస్తుందేమోనని టెన్షన్. డిసెంబర్ సమావేశంలోనే తీర్మానం అయింది. తర్వాత ఎస్టిమేటు, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి. ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది. మున్సిపాలిటీలో కూడా రెండు తీగలున్నాయి. కమిషనర్ తీగ హైదరాబాద్‌లో పురపాలక పరిపాలన డైరెక్టర్ దగ్గరికి పోతుంది. ఇంజనీర్ల తీగ ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ ఇంజనీర్ ఇన్ చీఫ్ దగ్గరికి పోతుంది. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికి పై అధికారులు వేరు. మా స్టాఫ్‌రూంలో ప్రభుత్వ టీచర్లు, పరిషత్ టీచర్లు ఉన్నట్టే.

స్తంభం సంగతి ఒకటి మిగిలింది. ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ కంపెనీ ప్రధాన కార్యాలయం హనుమకొండ నక్కలగుట్టలోనే ఉంది. రాష్ట్ర స్థాయి సంస్థల్లో ఇంత పెద్దది హైదరాబాద్ బయట ఉండటం అరుదు, అందుకే మా వైపు వాళ్లకు అదంటే కాస్త గర్వం. పాత విద్యుత్ బోర్డును 1999లో విడగొట్టాక, 2000లో పంపిణీ కంపెనీలు ఏర్పడినప్పుడు పుట్టింది. కంపెనీ కాబట్టి దాని స్తంభం జరపాలంటే ఎవరికోసం జరుపుతున్నారో వాళ్లు ఎస్టిమేటు ప్రకారం ముందుగా డబ్బు డిపాజిట్ చేయాలి. ప్రభుత్వ సంస్థ అడిగినా అంతే. ఇట్లా కట్టిన డబ్బు లేకుండా జరిపితే ఆ ఖర్చు చివరికి కరెంటు బిల్లు కట్టే అందరి మీదా పడుతుంది. ఇది నాకు న్యాయంగానే తోచింది. మున్సిపాలిటీ డిపాజిట్ కట్టిన రెండు వారాల్లో స్తంభం కాలువ గట్టు మీదికి వచ్చింది.

2025 ఏప్రిల్ చివర్లో పని మొదలై మే నెలాఖరుకు అయిపోయింది. పైపులు తీసేసి పెట్టె కల్వర్టు కట్టారు. నిలబడి నడిచిపోయేంత ఎత్తుంది. పిల్లలు అందులో క్రికెట్ ఆడటం మొదలుపెట్టారు, వాన మొదలయ్యేలోపు మాన్పించాలనుకున్నాం.

మొదటి వానకు అందరూ కాలువ దగ్గరికి పోయారు. నేను గొడుగేసుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయాను. ఇంజనీరు "మేడం, ఇంకా ఏముంది? అయిపోయింది కదా" అన్నాడు. ఆస్తుల రిజిస్టరు చూపించమన్నాను. ఆయన నవ్వి, బీరువాలోంచి తీసి, పేజీ తిప్పి నా వైపు జరిపాడు. వరస నంబరు ఉంది, వీధి పేరు ఉంది, కొలతలు ఉన్నాయి, సంవత్సరం ఉంది. పెన్సిల్‌తో రాసి ఉంది.

"బిల్లు పాస్ అయినంక పెన్నుతో రాస్తం మేడం" అన్నాడు.

నా బ్యాగులోంచి పెన్ను తీసి టేబుల్ మీద పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చున్నాను.